దావా రిటర్న్ అయితే కేసు పోయినట్టేనా?

అయ్యా,

దావా వేస్తే కోర్టు వాళ్లు తిప్పి పంపేశారు, ఇక కేసు లేనట్టేనా అని అడిగేవాళ్లు మా వైపు ఎప్పుడూ ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. ప్లీడరు గుమాస్తాగా ఫైలింగ్ సెక్షన్ కిటికీ దగ్గరే జీవితమంతా గడిపినవాణ్ణి, తెలిసింది రాస్తున్నాను, వీలైతే వేయండి.

ఆఫీసు వాళ్లు ఆక్షేపణ, అంటే ఫలానా లోపం ఉందని, రాసి దావా కాగితాల కట్ట వెనక్కి ఇవ్వడం వేరు, జడ్జి గారు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద దావాను తిరస్కరించడం వేరు. మొదటిది సరిచేసి మళ్లీ పెట్టుకునేదే. రెండోది డిక్రీతో (కోర్టు తుది తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు ఉంది, గడువు మిగిలి ఉంటే రూల్ 13 ప్రకారం అదే విషయం మీద కొత్త దావా కూడా వేసుకోవచ్చు. ఇవి కాక రూల్ 10 అని ఇంకోటి ఉంది, ఈ దావా మా పరిధి కాదు, ఫలానా కోర్టులో వేసుకోండి అని ఇచ్చేయడం. అలా తప్పు కోర్టులో పోయిన కాలాన్ని, మన శ్రద్ధలో లోపం లేకపోతే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయిస్తారు.

నిజం చెప్పాలంటే చాలాసార్లు తప్పు మన కట్టలోనే ఉంటుంది. పొలం దావా చూడండి. దస్తావేజు ఎప్పటిదో, అందులో తూర్పు హద్దు ఒకాయన పొలం, ఆయన పోయాడు, కొడుకులు ప్లాట్లు వేసి అమ్మేశారు, ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు. టైపిస్టు మాత్రం పాత హద్దే దించేస్తాడు. పైన పేరాల్లో సర్వే నంబరు 112/2ఏ, కింద షెడ్యూల్లో (ఆస్తి వివరాల పట్టీలో) 112/2, విస్తీర్ణం ఒకచోట సెంట్లలో, ఇంకోచోట గజాల్లో. రేపు డిక్రీ వచ్చాక, దాన్ని అమలు చేసే కోర్టు అమీను ఏ నేల మీదకు వెళ్లాలి? ఇలాంటి దానికి ఆఫీసును తిట్టుకోవడం అన్యాయం.

ప్రోనోటు దావాల్లో ఇంకో తమాషా. నోటు రాసి మూడేళ్లు దాటింది, కానీ గడువు లోపలే బాకీదారు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాడు, ఆ చెల్లు వల్లే బాకీకి ప్రాణం ఉంది. ఆ సంగతి దావాలో ఒక్క ముక్క రాయరు. నోటు తేదీ, దావా తేదీ పక్కపక్కన పెట్టి చూసేవాడికి అది గడువు దాటిన బాకీయే కదా.

ప్రభుత్వం మీద దావా అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి, అర్జెంటు అంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. వ్యాపారుల మధ్య 3 లక్షలూ ఆ పైన సరుకు బాకీ అయితే అది కమర్షియల్ కోర్టు దావా, అర్జెంటు ఉత్తర్వు అడగనప్పుడు ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్‌కు) వెళ్లి తీరాలని సుప్రీంకోర్టు 2022లో తేల్చేసింది.

ఇంతవరకూ సరే. నా గొడవ వేరే. ఆక్షేపణలు విడతలవారీగా ఎందుకు రాస్తారు? మొదటిసారి మార్కెట్ విలువ పత్రం పెట్టమంటారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చి పెడితే, పేజీ నంబర్లు సరిగ్గా లేవంటారు. అవీ వేసి పెడితే కాజ్ ఆఫ్ యాక్షన్ (దావాకు కారణం పుట్టిన) తేదీ స్పష్టంగా లేదంటారు. ఇందులో మొదటి రోజే కనపడనిది ఒక్కటైనా ఉందా? దావాకు నంబరు పడందే ఇంజంక్షన్ (అవతలివాణ్ణి ఆపే ఉత్తర్వు) పిటిషన్ జడ్జి గారి బెంచి మీదకు పోదు, ఈలోగా అవతలివాడు రాత్రికి రాత్రి కంచె పాతేస్తాడు.

ఇంకోటి, ఉత్త ఇంజంక్షనే అడిగారేం, డిక్లరేషన్ (ఆస్తి హక్కు మాదేనని కోర్టు ప్రకటన) ఎందుకు అడగలేదు అని రాసి తిప్పడం. డిక్లరేషన్, ఇంజంక్షన్ కలిపి అడిగితే 1956 కోర్టు ఫీజు చట్టం కింద ఆస్తి మార్కెట్ విలువలో సగం మీద ఫీజు కట్టాలి, అది తప్పించుకోవడానికి ఉత్త ఇంజంక్షన్ వేసేవాళ్లు ఉన్నారు, కాదనను. ఏ పరిస్థితిలో ఏది అడగాలో వరంగల్ స్థలం కేసులో సుప్రీంకోర్టు 2008లోనే విడమరిచి చెప్పింది. కానీ అది జడ్జి గారు చూసుకోవాల్సిన విషయం. విచారణకు తగునా కాదా తేల్చడం రిజిస్ట్రీ (కోర్టు ఆఫీసు) పని కాదని 2019లో ఇంకో కేసులో సుప్రీంకోర్టే చెప్పింది కూడా, అది క్రిమినల్ పిటిషనే అయినా సూత్రం ఒకటే. ప్లీడరు ఒప్పుకోకపోతే కట్టను బెంచి మీదకు పంపాలి, అంతేగానీ మళ్లీ అదే రాసి తిప్పితే ఎలా?

ప్లీడర్లనూ అనాల్సిందే. రిటర్న్ అయిన కట్ట గడువులో తిరిగి పెట్టకుండా బీరువాలో పడేసి, క్లయింటు ఫోన్ చేస్తే ఇంకా నంబరు పడలేదండీ అని కోర్టు మీదకు తోసేస్తారు, తర్వాత ఆలస్యం మన్నించమని ఇంకో పిటిషన్, దాని ఖర్చు మళ్లీ క్లయింటుదే. దావా వేసినవాళ్లు ఎస్‌ఆర్ నంబరు (దావా పెట్టగానే ఆఫీసు వేసే తాత్కాలిక నంబరు) అడిగి రాసుకోండి, రిటర్న్ రాసిన పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆక్షేపణలన్నీ ఒకే కాగితం మీద ఒకేసారి రాయమని రెండు రాష్ట్రాల హైకోర్టులూ కింది కోర్టులకు గట్టిగా చెప్పాలి. ఈ-ఫైలింగ్‌లో ప్లీడరుకు కనిపించే ఆక్షేపణ కక్షిదారు ఫోన్‌కు కూడా తెలుగులో మెసేజ్‌గా పంపితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇట్లు,
ఒక ప్లీడరు గుమాస్తా, గుంటూరు జిల్లా