పి-11 అక్కకు

నిన్న మధ్యాహ్నం మూడున్నరకు నా పీహెచ్‌డీ వైవా, అంటే థీసిస్ మీద చివరి మౌఖిక పరీక్ష, అయిపోయింది. లోపల కూర్చున్నవాళ్లంతా లేచి "కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్" అన్నారు. ఇంటికొచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగవుతోంది. కళ్లు మండుతున్నాయి. అయినా ఇది ఇప్పుడే రాయాలి. రెండు రోజులు పోతే మాటలు సర్దుకుంటాయి. సర్దుకున్న మాటలతో ఈ పని కాదు.

నా పీహెచ్‌డీ మేనేజ్‌మెంట్‌లో, అందులోనూ ఆర్గనైజేషనల్ బిహేవియర్, అంటే సంస్థల్లో మనుషులు ఎలా పనిచేస్తారు, ఎలా మసలుతారు అని చూసే శాస్త్రం. విషయం తెలంగాణ ఆర్టీసీ కండక్టర్ల భావోద్వేగ శ్రమ. టికెట్ కొట్టడం, డిపోలో లెక్క అప్పజెప్పడం అందరికీ కనిపించే పని. రోజంతా వందల మంది ముందు తన మొహాన్నీ గొంతునూ అదుపులో పెట్టుకోవడానికి పడే కష్టం ఇంకొకటుంది. దానికి జీతం చీటీలో గడి లేదు. 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ ఈ కష్టానికి పేరు పెట్టి, ఇదీ శ్రమేనని వాదించారు. ఆమె చూసింది విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లనూ, బాకీలు వసూలు చేసేవాళ్లనూ. మొదటివాళ్లు ఎంత విసుగున్నా నవ్వాలి, రెండోవాళ్లు జాలి కలిగినా గద్దించాలి. మన పల్లెవెలుగు కండక్టర్ ఒక్క ట్రిప్పులోనే రెండూ చేయాలి. ముసలమ్మను చెయ్యిపట్టి ఎక్కించాలి. చిల్లర దగ్గర తగాదా పెట్టుకున్నవాడికి గట్టిగా చెప్పాలి. ఆ గొంతు తగ్గకముందే ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లలను బుజ్జగించి లోపలికి పిలవాలి. ఈ ఒక్క ముక్కను ఆధారాలతో చెప్పడానికి నాకు దాదాపు ఏడేళ్లు పట్టింది.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంది. గైడ్ గారు, శాఖాధిపతి, లైబ్రరీ వాళ్లు, అందరి పేర్లూ ఉన్నాయి. ఎవరు లేకపోతే ఆ థీసిసే లేదో ఆమె పేరు మాత్రం లేదు. రాయకూడదు. సమ్మతి పత్రంలో నా చేత్తో నేనే రాశాను: మీ పేరు, మీ డిపో, మీ రూటు ఎక్కడా బయటపెట్టను అని. ఆ మాట నమ్మే వాళ్లు నాతో నోరు విప్పారు. అందుకే ఇక్కడా రాయను. నా కాగితాల్లో ఆమె పి-11. నేను అక్క అని పిలుస్తాను.

నేను రిజిస్టర్ అయింది 2018 చివర్లో. కోర్స్‌వర్క్ ముగించుకుని డిపోలకు వెళ్దామనుకునేసరికి 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది, 52 రోజులు. జీతాల్లేక ఇళ్లు గడవని ఆ రోజుల్లో, "మీ పనిలో మీకు సంతృప్తి ఉందా" అని కాగితం పట్టుకుని వెళ్లే ముఖం నాకు లేకపోయింది. ఆ తర్వాత కరోనా. అలా జరిగీ జరిగీ నా ప్రశ్నాపత్రం మొదటిసారి ఒక డిపో గుమ్మం తొక్కింది 2022 ఎండాకాలంలో.

ఆ ప్రశ్నాపత్రం గురించి చెప్పాలి. అంతర్జాతీయంగా వాడే కొలమానాలను తీసుకున్నాను. 1970లో బ్రిస్లిన్ అనే పరిశోధకుడు చెప్పిన పద్ధతిలో ఇంగ్లిష్ నుంచి తెలుగుకు, ఆ తెలుగును వేరొకరితో తిరిగి ఇంగ్లిష్‌కు మార్పించి, రెండూ పోల్చి చూసుకున్నాను. అంతా సరిపోయింది. నిపుణులు సంతకాలు కూడా పెట్టారు. పైలట్ కోసం, అంటే అసలు సర్వేకు ముందు చిన్న పరీక్షగా, నలభై ఫారాలు పంచితే తిరిగొచ్చినవాటిలో సగానికి పైగా పైనుంచి కిందిదాకా ఒకే గడిలో టిక్కులు. "తటస్థం, తటస్థం, తటస్థం." ప్రశ్నల పొందికను కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటలేదు. అది దాటకపోతే ప్రశ్నలన్నీ ఒకే సంగతిని అడుగుతున్నాయని చెప్పుకోలేం. అంతకుముందే ఆ డిపోలో అడుగుపెట్టే అనుమతి లేఖ కోసం నాలుగు నెలలు తిరిగాను. పనిచేసే కాలేజీలో సెలవులు అయిపోయాయి. ఇంట్లో రెండేళ్ల పాప. ఆడవాళ్ల రెస్ట్ రూమ్ బయట బెంచీ మీద ఆ ఫారాల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను.

లోపలి నుంచి ఒకామె వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన సంచీ. డ్యూటీ దిగి, లెక్క కట్టేసి ఇంటికి వెళ్లబోతోంది.

"ఏంది బిడ్డా, పొద్దటి సంది గీడనే కూసున్నవ్. తిన్నవా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఏడుపొచ్చింది. ఆమె ఏమీ అడగలేదు. లోపలికి తీసుకెళ్లి తన టిఫిన్ గిన్నె తెరిచింది. రెండు జొన్నరొట్టెలు, టమాట తొక్కు. ఒకటి నాకు పెట్టింది. తిన్నాక నా ఒళ్లోంచి ఒక ఫారం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. డిగ్రీ చదివిందట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో చెప్పింది.

నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. "విధి నిర్వహణలో నాకు లేని భావాలను ఉన్నట్లు నటిస్తాను." ఫారం కింద పెట్టేసింది.

"మేం నాటకాలాడుతలేం బిడ్డా, నౌకరి జేస్తున్నం. గిట్ల అడుగుతే ఎవ్వలు అవునంటరు?"

అప్పుడు తెలిసింది. మా శాస్త్రంలో "సర్ఫేస్ యాక్టింగ్" అనేది ఒక సాంకేతిక పదం. దాన్ని నేను నిఘంటువు చూసి నటన అని దించాను. వాళ్ల చెవికి అది నింద. నువ్వు దొంగవా అని అడిగినట్టు. మరి ఏమంటారక్కా అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించింది.

"మింగుడు. కోపం మింగుడు, తిట్లు మింగుడు, ఆఖరికి ఏడుపు సుత మింగుడు. డ్యూటీ దిగేవరకు దాంతోనే కడుపు నిండుతది. ఇంటికివోయి ఇగ అన్నం ఏడ తినాలె?"

నేను పెన్ను తీశాను. ఆమె ఇంటికి వెళ్లలేదు. పొద్దున నాలుగుకు లేచి డ్యూటీ ఎక్కిన మనిషి, మూడు గంటలు నా పక్కన కూర్చుని ఒక్కొక్క ప్రశ్నా చదివి ఇది కాదు, ఇట్ల అడుగు అని చెప్పింది. "భావోద్వేగపరంగా శక్తిహీనత" పోయి "డ్యూటీ దిగినాక ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడ బుద్ధి కాదు" వచ్చింది. లికర్ట్ అనే సైకాలజిస్ట్ 1932లో ఇచ్చిన ఆ అయిదు గడుల వరుసనూ మార్పించింది. "ఏకీభవిస్తాను, ఏకీభవించను" కాదట. "రోజూ, చాలాసార్లు, అప్పుడప్పుడు, తక్కువ, ఎన్నడూ లేదు." మనిషి తన ఒంటి అలసటతో ఏకీభవించడం ఏమిటి, ఎన్నిసార్లు అనిపించిందో చెబుతాడు గానీ. నలుగురు నిపుణులు చూసి, ఒక్కరికీ తట్టని సంగతి అది. మార్చిన ప్రశ్నలతో మళ్లీ పైలట్ చేశాను. ఆల్ఫా దాటింది. అంతకంటే ముఖ్యం, టిక్కులు చెల్లాచెదురుగా వచ్చాయి. మనుషులు చదివి, తలచుకుని పెట్టిన టిక్కులవి.

అక్కడితో ఆగలేదు ఆమె. ఊళ్లలో నైట్ హాల్ట్ చేసేవాళ్లు పగలు నాకు దొరకరు. రాత్రి ఏదో ఊళ్లో బస్సు పెట్టి, పొద్దున మొదటి ట్రిప్పుతో బయల్దేరతారు. వాళ్లను వదిలేస్తే నా శాంపిల్ ఒకవైపే ఒరిగిపోతుంది. ఆ మాట ఫోన్లో ఊరికే అన్నాను. పదిరోజుల తర్వాత రమ్మంది. వాన పడుతోంది. పాలిథిన్ కవర్లో చుట్టి, దాని మీద ఇంకో కవర్ చుట్టి యాభై పైచిలుకు ఫారాలు చేతిలో పెట్టింది. ఒక్కదానికీ తడి తగల్లేదు. ఏ కవరుకు ఆ కవరు అంటించి ఉంది. "నేను సూడలే. సూడనని జెప్పిన వాళ్లకు" అంది. ఇష్టంలేని ఏడుగురి ఖాళీ ఫారాలు విడిగా రబ్బరు బ్యాండు వేసి ఇచ్చింది. "వాళ్లను బలిమి జెయ్యలే." రీసెర్చ్ ఎథిక్స్ మీద నేను రెండు క్రెడిట్ల కోర్సు చేశాను. ఆ కోర్సు చెప్పదలుచుకున్నది ఇదే కాబోలు.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సుల్లో నిలబడే చోటు కూడా లేకుండా పోయింది. ప్రతి ఆడమనిషికీ జీరో టికెట్ కొట్టాలి. ముందు తీసుకున్న ఇంటర్వ్యూలు ఆ మార్పును పట్టుకోవు, మళ్లీ మాట్లాడి రమ్మన్నారు గైడ్ గారు. ఎవరికి ఫోన్ చేయాలన్నా సిగ్గేసింది, అంత ఒత్తిడిలో ఉన్నారు. ఆమెకే చేశాను. "ఆడోళ్లు బయిటికి ఎల్లుతున్నరు, మంచిగనే ఉంది. కని చేతులు ఆగుతలేవు బిడ్డా. రా, వాళ్లందరితోని మాట్లాడిపిస్త" అంది. మాట్లాడించింది కూడా. అంతకాలంలో ఒక్కసారి కూడా దీనివల్ల మాకేం వస్తుంది అని అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఒక్కసారి చీర తీసుకెళ్తే తిప్పి పంపింది.

నిన్న వైవాలో, పరీక్షించడానికి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "నాలుగో అధ్యాయానికి ‘మింగుడు’ అని పేరు పెట్టారు. ఈ భావన ఎవరిది? ఏ సాహిత్యం నుంచి తీసుకున్నారు?" నోరు తెరిచాను. మాట రాలేదు. నీళ్లు తాగి, "పి-11 సార్" అన్నాను. ఆయన పేజీ తిప్పి చూసి, తల ఊపి, తర్వాతి ప్రశ్నకు వెళ్లారు. ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ తర్వాతి ప్రశ్న సగమే వినబడింది.

ఇది కృతజ్ఞతల కోసం రాస్తున్నదే గానీ ఒక మాట చెప్పకపోతే నా లోపల అదే మిగిలిపోతుంది. థీసిస్ ఇచ్చినప్పటి నుంచి వైవా ఫలితం దాకా అంతా ఆరు నెలల్లో పూర్తి చేయాలని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నాకు పదిహేను నెలలు పట్టింది. ఒక ఎగ్జామినర్ రిపోర్టు వచ్చి రెండోది రాలేదన్నారు. రెండోది వచ్చాక ఫైలు ఇంకో సీటుకు వెళ్లిందన్నారు. ఆ సీట్లో మనిషి బదిలీ అయ్యారన్నారు. ప్రతిసారీ సగం రోజు జీతం పోగొట్టుకుని వెళ్లేదాన్ని. థీసిస్ ఇవ్వడానికి ముందే పేపర్ అచ్చయి ఉండాలన్న షరతును యూజీసీ 2022లో కొత్తగా చేరేవాళ్లకు తీసేసింది. అంతకుముందే చేరిన మమ్మల్ని మాత్రం అడిగారు. డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికల మెయిళ్లు రోజూ వచ్చేవి. కట్టలేదు. దానికి ఇంకో ఏడాది పోయింది. నాతోపాటు చేరినవాళ్లలో ఇద్దరు మధ్యలో మానేశారు. ఇద్దరూ నాకంటే బాగా చదివేవాళ్లు, ఇద్దరూ ఆడవాళ్లే. ఉద్యోగులు ఎందుకు అలసిపోతారు, సంస్థ తమను పట్టించుకోదని ఎప్పుడు నమ్మడం మొదలుపెడతారు అని పాఠం చెప్పే శాఖలు మావి. మా శాఖల కారిడార్లలోనే స్కాలర్లు ఇలా రాలిపోతుంటే లెక్క రాసుకునేవాళ్లు లేరు. కోపంగానే రాస్తున్నాను ఇది. ఆ ఇద్దరి సీట్లు ఇవాళ్టికీ నా కళ్లముందున్నాయి.

మా ఆయనకు, పాపను పెంచిన మా అత్తమ్మకు, అమ్మానాన్నలకు వేరే చెప్పేదేముంది, వాళ్లు లేనిది నేను లేను. గైడ్ గారికి పాదాభివందనం. ఎనిమిది డ్రాఫ్టులు ఎర్ర పెన్నుతో దిద్దారు, ఒక్కసారీ విసుక్కోలేదు.

వైవా అయ్యాక మొదట ఫోన్ చేసింది అక్కకే. బస్సులో ఉంది. గోల వినిపిస్తోంది. "అక్కా, అయిపోయింది, డాక్టరేట్ వచ్చింది" అన్నాను. "ఒక్క నిమిషం, స్టేజి అచ్చింది" అంది. ఎవరినో దిగమని, ఎవరినో ఎక్కమని, రైట్ రైట్ అని, మళ్లీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "అచ్చిందా? ఇగ జర కడుపునిండ తిని పండుకో బిడ్డా." అంతే. ఫోన్ పెట్టేసింది.

గురువారం ఆమెకు వీక్లీ ఆఫ్. ఆ రోజు ఫస్ట్ బస్సుకు వెళ్తున్నాను. థీసిస్ ఒక కాపీ బైండ్ చేయించి ఉంచాను, నాలుగో అధ్యాయం దగ్గర దారం పెట్టి.

పోస్ట్ చేయబోతుంటే గుర్తొస్తున్నారు, క్షమించండి. డేటా ఎంట్రీకి రాత్రిళ్లు కూర్చున్న మా కాలేజీ ఎంబీఏ రెండో ఏడాది పిల్లలు నలుగురూ. ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్పిన స్టాటిస్టిక్స్ మేడమ్. ఇంటర్వ్యూల రికార్డింగులు విని తప్పులు పట్టిన మా మరదలు. యూనివర్సిటీ గేటు ముందు జిరాక్స్ షాపు అన్న: సబ్‌మిషన్ రోజు కరెంటు పోతే పక్క కొట్టు ఇన్వర్టర్ నుంచి వైరు లాగి ఆరు కాపీలు తీసిచ్చాడు.

డిపోలో కంట్రోలర్ సార్ కూడా. ఆ బెంచీ ఎండలో ఉందని నీడలోకి జరిపించింది ఆయనే.

ఇంకా, ఆ ఏడుగురు కూడా. ఫారం నింపబోమని చెప్పినవాళ్లు. అలసిపోయి ఉన్నామని చెప్పడం కూడా నాకు జవాబే. థీసిస్‌లో వాళ్ల గురించి ఒక పేరా రాశాను.

మళ్లీ గుర్తొచ్చింది, మా కాలేజీ అటెండర్ ఈశాన్యం మూల గదిలో నాకోసం ఫ్యాను బాగుచేయించి తాళం చెవి ఇచ్చాడు. సాయంత్రాలు అక్కడే రాశాను. ఆయన పేరు కృతజ్ఞతల పేజీలో మరిచిపోయాను, రేపు వెళ్లి చెప్పాలి.