ప్రశ్నలు మన పలుకుబడిలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతిలో మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. ఎదుటివారి పనులకు మనం కారణాలు ఎలా ఊహిస్తామన్నది నా అంశం. ఎవరేం చేసినా వారి గుణానికే ముడిపెట్టి, వారున్న పరిస్థితిని తక్కువగా లెక్కవేసే పొరపాటుకు 1977లో అమెరికా శాస్త్రవేత్త లీ రాస్ ఒక పేరు పెట్టారు. అయితే 1984లో జోన్ మిల్లర్ ప్రచురించిన అధ్యయనంలో, చికాగో పెద్దలు మనిషి గుణాన్ని ఎక్కువగా చెబితే, మనకు దగ్గరలోని మైసూరు పెద్దలు పరిస్థితినీ బాధ్యతలనూ ఎక్కువగా చెప్పారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆ తేడా పెద్దగా లేదు. అంటే ఇది ఇంట్లో, ఊళ్లో వినే మాటలతో అబ్బేదని నా నమ్మకం.

అటువంటప్పుడు ఆ మాటలనే వదిలేసి అడిగితే ఏం తెలుస్తుంది? నా ప్రశ్నావళి ఇంగ్లీషు నుంచి అనువదించినది. తమ్ముడి దగ్గర తీసుకున్న అప్పు తీర్చని అన్న గురించి చెప్పి, "ఇది వ్యక్తిగత లక్షణ ప్రభావమా, పరిస్థితి ప్రభావమా?" అని అడుగుతుంది. చిత్తూరు దగ్గరి పల్లెలో ఒక పెద్దావిడ దాన్ని రెండుసార్లు చదివించుకుని, "మెడమీద అప్పులుంటే మంచితనం యాడ నిలుస్తాదమ్మా?" అన్నారు. గుణం, పరిస్థితి రెండూ ఒకే మాటలో ఉన్న ఆ జవాబుకు నా కాగితంలో గడి లేదు.

ఆ సాయంత్రమే మరొకావిడ సగంలో లేచి వెళ్లిపోతే "సహకరించలేదు" అని రాసుకున్నాను. బస్సు కోసం నడుస్తుంటే, పాల కేంద్రం ముందు క్యాను పట్టుకుని వరుసలో నిలబడి ఆవిడే కనిపించారు. పాల బండి అప్పటికే హారన్ కొడుతోంది. నేను చదువుతున్న పొరపాటునే నేను చేశానని తెలిసి చాలా బాధపడ్డాను, ఆ మాట కొట్టేశాను.

మన ఆచార్యులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. అనువాద ప్రశ్నావళి పరిశోధక విద్యార్థుల చేతికిచ్చే ముందు, కొన్ని నెలలు పల్లెల్లో కూర్చుని "వాడి బుద్ధే అంత", "పాపం, ఏ అవసరంలో ఉండాడో" వంటి మాటలను ఎవరు, ఎవరి గురించి, ఎప్పుడు అంటారో సేకరించనివ్వాలి, ప్రశ్నలను వాటి నుంచే తయారుచేయించాలి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వెలసిన ఊరిలో ఇది అసాధ్యమేమీ కాదు.

నేను వచ్చే నెల ఆ పల్లెకే మళ్లీ వెళ్తున్నాను, ఈసారి పాల బండి వెళ్లిపోయాక.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి