తోలుబొమ్మలకు లేపాక్షిలో ఒక తెర కట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మన శ్రీ సత్యసాయి జిల్లాలో పర్యాటకాన్ని పెంచుతామని, లేపాక్షికి మరిన్ని సౌకర్యాలు తెస్తామని వస్తున్న వార్తలు మీ పత్రికలో చదువుతున్నాను. వాటిలో మా తోలుబొమ్మల మాట వచ్చినప్పుడల్లా లాంప్‌షేడ్ల గురించి, గోడకు తగిలించే బొమ్మల గురించి, ఎగ్జిబిషన్ స్టాళ్ళ గురించే ఉంటోంది. ఆట గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఈమధ్య ఇండోనేషియాలోని జావా దీవికి వెళ్ళి అక్కడి తోలుబొమ్మల కళాకారులను కలిసి వచ్చాను. అక్కడ చూసింది మనవాళ్ళకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ధర్మవరం మండలంలో పుట్టి పెరిగిన బొమ్మలాటవాణ్ణి. మా తాతలు బండి కట్టుకుని ఊరూరా తిరిగి ఆట ఆడించారు. నేను పగలంతా తోలు మీద బొమ్మలు వేసి అమ్ముతాను, ఎప్పుడైనా ఎవరైనా పిలిస్తే ఆట ఆడిస్తాను. జావా మిత్రుడు కొన్నేళ్ళ కిందట ఢిల్లీలో ఒక బొమ్మలాటల ఉత్సవంలో పరిచయమయ్యాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రమే. అయినా గద పట్టుకున్న భీముణ్ణి చూపిస్తే ఎవరో చెప్పనక్కర్లేదు కదా. అప్పటినుంచి ఫోన్లో రమ్మంటూనే ఉన్నాడు. డబ్బు కూడబెట్టుకుని బెంగళూరులో విమానం ఎక్కాను. అక్కడ దిగాక వీసాకు ఐదు లక్షలు కట్టమంటే గుండె జారింది. అది వాళ్ళ రుపియాల్లో, మన లెక్కన మూడు వేల లోపే.

మిత్రుడి ఊరు వుకిర్‌సరి. యోగ్యకర్త నగరానికి దక్షిణాన, రాజుల సమాధులున్న ఇమోగిరి దగ్గర ఉంటుంది. తోలుబొమ్మలు చెక్కే కుటుంబాలున్న ఊరు అది. 2006 మే నెలలో వచ్చిన భూకంపంలో ఆ ఊరున్న బంతుల్ ప్రాంతమంతా నేలమట్టమైంది, వేలమంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి లేచి మళ్ళీ పనిముట్లు పట్టుకున్నారు. మన పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఇచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు, 2024లో ఈ ఊరికి వచ్చింది.

వాళ్ళు బర్రెతోలు వాడతారు. చట్రానికి లాగి కట్టి, ఎండబెట్టి, గీకుతారు. ఎంత గీకినా అది మా మేకతోలంత పలచన కాదు, వెలుతురు అందులోంచి రాదు. అందుకని వాళ్ళ పనితనమంతా చెక్కడంలో ఉంటుంది. కింద చెక్క పెట్టుకుని, సన్నటి ఉలులతో, కొయ్య సుత్తితో ఒక్కో రంధ్రం కొడతారు. కిరీటం ఒక్కటే ఒక రోజు పడుతుంది. మిత్రుడు బొమ్మకు పుల్ల బిగించేటప్పుడు చూశాను. మేము వెదురు బద్ద చీల్చి కడతాం. ఆయన బర్రె కొమ్మును చీల్చి, నున్నగా చివ్వి, దీపం సెగకు కొద్దికొద్దిగా వేడి చేస్తూ బొమ్మ మెడ, నడుము ఎలా వంగితే అలా వంచుతాడు. వేళ్ళు కాలుతున్నా వదలడు. చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చుంటాడు. ఆ కొమ్ము చివర మొనదేలి ఉంటుంది. ఆటలో దాన్ని తెర కింద పడుకోబెట్టిన అరటి బోదెలో గుచ్చుతారు, బొమ్మ నిలబడిపోతుంది. మేము ముళ్ళతో తెరకు గుచ్చుతాం.

నేను మా ఇంటి హనుమంతుణ్ణి చుట్టి తీసుకెళ్ళాను. వాళ్ళ బొమ్మలు చాలావరకు మూరెడు, రెండు మూరలు. మాది ఐదడుగులు. వసారాలో విప్పేసరికి ఇరుగుపొరుగు చెక్కేవాళ్ళంతా పని ఆపి వచ్చారు. మిత్రుడి తండ్రి ఎండకు అడ్డంగా బొమ్మను ఎత్తిపట్టి, గచ్చు మీద పడిన ఎర్రటి, పచ్చటి నీడను చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. వాళ్ళ నీడ నల్లగా, అల్లికలా పడుతుంది. మాది రంగుల్లో పడుతుంది. కీళ్ళ దగ్గర దారం ముడి ఎలా వేశామో ఒకాయన చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

రాత్రి పక్క ఊళ్ళో ఒక ఇంటి శుభకార్యానికి ఆట పెట్టించారు. రాత్రి తొమ్మిది దాటాక మొదలై తెల్లవారుదాకా నడిచింది. మా ఆటలో ఇల్లంతా తెర వెనక ఉంటుంది: ఆడవాళ్ళు సీత, ద్రౌపది పాత్రలకు పాడతారు, ఒకరు హార్మోనియం, ఒకరు మృదంగం, యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్కలు తొక్కుతాం. అక్కడ ఆడించేది ఒక్కడే. దలాంగ్ అంటారు. కాళ్ళు మడుచుకుని కూర్చుని, అన్ని గొంతులూ తనే పలుకుతూ, పక్కనున్న పెట్టె మీద కొయ్యముక్కతో కొట్టి వెనకున్న వాద్యగాళ్ళందరికీ సైగలిస్తాడు. తెల్లవార్లూ లేవలేదు. మధ్యరాత్రి దాటాక వాళ్ళ హాస్యగాళ్ళు, సెమార్, అతని ముగ్గురు కొడుకులు, వచ్చారు. ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్ద మీదే జోకులు వేస్తుంటే ఆయనా పడీపడీ నవ్వాడు. మా కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు చేసే పని అదే. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా ఎక్కడ నవ్వాలో నాకు తెలిసిపోయింది.

కథలూ మనవే, కానీ వాళ్ళు తమవిగా చేసుకున్నారు. అక్కడ ద్రౌపది ధర్మరాజు ఒక్కడికే భార్య. ఘటోత్కచుడు ఆకాశంలో ఎగిరే పెద్ద వీరుడు. 1995లో ఆ దేశం సొంతంగా తయారుచేసి ఎగరేసిన విమానానికి అతని పేరే పెట్టుకున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం యోగ్యకర్త నగరంలో చూసినది. రాజభవనం దగ్గరే సోనోబుదోయో అనే మ్యూజియం ఉంది. అక్కడ సాయంత్రం పూట టికెట్ పెట్టి తోలుబొమ్మలాట ఆడిస్తారు. ఉత్సవానికో, మంత్రిగారు వచ్చినప్పుడో కాదు, మామూలు రోజుల్లోనే. రాత్రంతా కూర్చోలేని పర్యాటకుల కోసం రామాయణంలో ఒక ఘట్టాన్ని రెండు గంటలకు కుదించి చూపిస్తారు. ఎనిమిదింటికి ఆట అంటే ఎనిమిదింటికి దీపం వెలుగుతుంది. వాద్యగాళ్ళకు రేపు పని ఉంటుందా అన్న టెన్షన్ లేదు. ఆ నగరంలో రాజుగారి ప్రాపకంలో 1925లో పెట్టిన దలాంగుల బడి ఉంది. పక్కనున్న సురకర్త కళా విశ్వవిద్యాలయంలో బొమ్మలాటలో డిగ్రీ చేయవచ్చు. వాళ్ళ ఆటను యునెస్కో 2003లోనే గుర్తించింది. 2018లో అక్కడి ప్రభుత్వం నవంబరు 7ను జాతీయ వయాంగ్ దినంగా ప్రకటించింది. వాళ్ళ బొమ్మలాటనే వయాంగ్ అంటారు. మిత్రుడి ఇంటికి వచ్చిన ఒక విద్యార్థిని దలాంగ్ కావాలని చదువుతోంది, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఆ అమ్మాయి పెట్టె మీద కొడుతూ మూడు గొంతులు మార్చి వినిపించింది. మా ఇంట్లో నా కొడుకు రంగులు నాకంటే బాగా వేస్తాడు. ద్విపద ఒక్కటి కూడా ఎత్తుకోలేడు. ఎక్కడ పాడాలని నేర్చుకుంటాడు?

అక్కడా అంతా బాగుందని చెప్పను. రాత్రంతా ఆడించే ఆటలు తగ్గాయని, కుర్రాళ్ళు ఆట చూస్తూ చూస్తూ ఫోన్లోకి వెళ్ళిపోతారని పెద్ద దలాంగ్ ఒకరు బాధపడ్డారు. కానీ ఆయనకు ఆడించడానికి తెర ఉంది.

మనకు ఏం తక్కువ? మన తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, మేమంతా గర్వపడ్డాం. లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీద విజయనగర కాలపు బొమ్మలు చూడండి. పక్కకు తిరిగిన ఆ ముఖాలు, పెద్ద కళ్ళు, నిండుగా నగలు చూస్తే మా బొమ్మలకు చుట్టరికం ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ గుడి, నంది 2022 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. బెంగళూరు నుంచి జనం వస్తారు, నందితో ఫొటో దిగి చీకటి పడకముందే వెళ్ళిపోతారు. వాళ్ళను సాయంత్రం ఆపడానికి మా దగ్గర ఆట ఉంది.

ఒక అధికారి నాతో, ‘లాంప్‌షేడ్లు బాగానే అమ్ముడుపోతున్నాయి కదా పెద్దాయనా, ఇంకా ఆటెందుకు?’ అన్నారు. లాంప్‌షేడ్ మా పొయ్యి వెలిగించింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ బొమ్మకు కీళ్ళు పెట్టింది కదలడానికి. వానలు పడకపోతే విరాట పర్వం ఆడించమని మా తాతల్ని ఊళ్ళవాళ్ళు బతిమాలి తీసుకుపోయేవాళ్ళు.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. లేపాక్షిలో శని, ఆదివారాల సాయంత్రం గంటన్నర ఆట, ఒక షెడ్డు, ఒక గుడ్డతెర. టికెట్ పెట్టండి. జిల్లాలో మిగిలిన జట్లకు వంతులవారీగా అవకాశం ఇచ్చి, జనం వచ్చినా రాకపోయినా జట్టుకు ఇంత అని ఖాయంగా ఇవ్వండి. పెద్దవాళ్ళలో పాట, పద్యం వచ్చినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. వాళ్ళలో ఒకరికి నెల జీతమిచ్చి మా పిల్లలకు నేర్పించండి. ఇది మాత్రం ఆలస్యమైతే తర్వాత ఎంత డబ్బు పెట్టినా కాదు.

లంకాదహనం, మైరావణుడి కథ, విరాట పర్వం మా జట్టుకు ఇప్పటికీ నోటికి వచ్చు. లేపాక్షిలో తెర కడితే సొంత ఖర్చుతో వచ్చి ఒక రాత్రి తన బొమ్మలు ఆడిస్తానని జావా మిత్రుడు మాటిచ్చాడు. జిల్లా కలెక్టరు గారు, పర్యాటక శాఖవారు ముందుగా మమ్మల్ని ఒకసారి పిలిచి ఆట చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తోలుబొమ్మలాట కళాకారుడు,
ధర్మవరం మండలం, శ్రీ సత్యసాయి జిల్లా