జీతం పెరిగింది సరే, చేతికెంతొస్తుంది?

ఒరేయ్,

జీతం పెరిగిందని నువ్వు రాసింది చదివి ఎంత సంతోషించానో! అక్కడి పనంతా నువ్వే నెత్తినేసుకున్నావు, ఇది నీకు ఎప్పుడో రావాల్సింది. కానీ ఉత్తరం చివర్లో నువ్వు వేసిన లెక్క చూశాక ఊరుకోలేకపోయాను. ఆ లెక్కను నమ్ముకుని పెద్దింటికి మారతానంటున్నావు కాబట్టి, కాస్త ఓపిగ్గా చదువు.

ఇప్పటి జీతం 50,000, కోతలన్నీ పోను చేతికొచ్చేది 42,000. అంటే నూటికి 84. కాబట్టి కొత్తగా కలిసే 5,000లోనూ అదే లెక్కన 4,200 వస్తాయన్నావు. పైకి సబబుగానే ఉంది. కానీ ఆ 84 మొత్తం జీతానికి సగటురా. అందులో పన్నే పడని మొదటి 20,000 కూడా కలిసి ఉంది. పెంపు వచ్చి చేరేది ఆ కింది భాగంలో కాదు, అన్నిటికన్నా పైన.

నువ్వు రాసిన అంకెలతోనే చూడు. 20,000 దాకా పన్ను లేదు, అక్కణ్ణుంచి 50,000 దాకా 10 శాతం, ఆపైన 20 శాతం. పింఛను నిధికి మొత్తం జీతంలో 8 శాతం, బీమాకు నెలనెలా 1,000. కొత్త 5,000 మీద పన్ను 1,000, నిధికి 400. బీమా మారదు. మిగిలేది 3,600. నువ్వనుకున్నదానికి నెలకు 600 తక్కువ! జీతం 10 శాతం పెరిగినా, చేతికొచ్చేది పెరిగింది ఎనిమిదిన్నర శాతం చిల్లరే. అద్దెకు ఒప్పుకునే ముందు చూసుకోవాల్సిన అంకె ఇదీ.

ఇంకో మాట. స్లాబు (పన్ను శాతం మారే మెట్టు) మారితే ఉన్నది కూడా పోతుందని ఎవరో భయపెట్టారన్నావు కదా, ఆ మాట అస్సలు పట్టించుకోకు. 20 శాతం పడేది 50,000 దాటిన భాగం మీదే. కింద ఉన్నదాని మీద నిన్నటిదాకా ఎంత కట్టావో రేపూ అంతే. స్లాబు భయంతో పెంపు వద్దనుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చూసుకోవాల్సింది వేరే ఉంది. ఆదాయం ఫలానా హద్దు దాటితే ఆగిపోయే రాయితీ గానీ సాయం గానీ మీ ఇంట్లో ఎవరికైనా అందుతోందా? అలాంటిది ఒక్కసారిగా పోతే మాత్రం నిజంగానే నష్టం రావచ్చు.

నీ స్లిప్పులో నాకు తేలనిది ఒకటుంది. నిధికి కట్టేది తీసేశాక పన్ను వేస్తున్నారా, తీయకముందే వేస్తున్నారా? నువ్వు రాసిన పన్ను 3,000 కాబట్టి తీయకముందే అనుకున్నాను. అదే తీసేశాక వేసి ఉంటే, పాత జీతంలో 46,000 మీదే పన్ను పడేది, 2,600. కొత్త జీతంలో 50,600 మీద 3,120. అప్పుడు చేతికి అదనంగా వచ్చేది 4,080. కోతల శాతాలు ఒక్కటీ మారలేదు, వరుస మారిందంతే, నెలకు 480 తేడా! నిధి కోతకు గరిష్ఠ పరిమితి ఏమైనా ఉందేమో కూడా కనుక్కో. నువ్వు ఇప్పటికే దాన్ని చేరుకుని ఉంటే కొత్త 5,000 మీద నిధికి ఏమీ పోదు. పోయినా ఆ 400 మీద నాకు దిగుల్లేదు, అది నీ పేరునే జమవుతుంది.

మొదటి నెల జీతం చూసి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకు. పెంపు వెనకటి తేదీ నుంచి ఇస్తే బకాయిలన్నీ ఆ నెలలోనే పడతాయి, దాంతో జీతం ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఏడాది మొత్తానికి పన్ను అంచనా వేసి మిగిలిన నెలలకు సర్దే చోటైతే, కొన్నాళ్లు కోత మామూలుకన్నా ఎక్కువే ఉండొచ్చు. బకాయిలు లేని నెల స్లిప్పు ఒకటి చేతికొచ్చాక ఇంటాయనతో మాట్లాడు.

పాత స్లిప్పు, పెంపు కాగితం రెండూ ఫొటో తీసి పంపు. నిధి, పన్ను ఏ వరుసలో ఉన్నాయో ఇద్దరం కూర్చుని చూద్దాం. అద్దె ఎంత చెప్పారో కూడా రాయి, ఈసారి ఆ సంగతి రాయనే లేదు నువ్వు.

నీ
నేస్తం