కుర్చీలు ఇచ్చారు, తోసే మనిషి ఎక్కడ?

అయ్యా,

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చక్రాల కుర్చీలు పంచారని పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వచ్చిన వార్త చదివాను. పంచడం మంచిదే. ఆ కుర్చీని తరగతి గదిలోకి తోసేది ఎవరన్న ప్రశ్న వేదికపై కూర్చున్న పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు. మా బడిలో ర్యాంపు కట్టి, దాని చివర జానెడు గట్టు వదిలేశారు. బిల్లు మంజూరైంది, గట్టు అలాగే ఉంది.

మా మనవరాలు మూడో తరగతి. సెరిబ్రల్ పాల్సీ వల్ల కాళ్లు, కుడిచేయి స్వాధీనంలో ఉండవు. ఎక్కాలు మాత్రం గడగడా అప్పజెబుతుంది. మరుగుదొడ్డికి తీసుకెళ్లేవారు లేరని బడికి వెళ్లిన రోజు గుక్కెడు నీళ్లు తాగదు. మార్చి ఎండల్లో కూడా అంతే, పెదవులు ఎండిపోయి ఇంటికి వస్తుంది. మరుగుదొడ్లు కడిగే ఆయమ్మ తీరిక దొరికితే జాలిపడి ఎత్తుకెళ్తుంది. అది ఆమె ఉద్యోగం కాదు, అందుకు ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. రెండు తరగతులు ఒక్కతే చూసుకుంటున్న టీచరమ్మను తప్పుపట్టలేను. యాప్‌లో ఫొటోలు పెట్టడానికే ఆమెకు సగం పొద్దు పోతోంది.

ఇలాంటి పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం ఉంది కదా అంటారు. అక్కడి ఐఈఆర్‌పీలు, అంటే ఈ పిల్లలకు చదువు నేర్పే సిబ్బంది, ఓపికగా చూస్తారు. కానీ మండలంలోని బడులతో పాటు ఇంటి దగ్గరే చదివే పిల్లల బాధ్యతా వాళ్లదే. రోజంతా పక్కన ఉండే మనిషి వేరు. పేజీ తిప్పాలి, పెన్సిల్ జారితే అందించాలి, నోటితో చెప్పిన జవాబు రాసిపెట్టాలి, ఒరిగిపోతే సరిగా కూర్చోబెట్టాలి. పిల్ల చేయగలిగింది పిల్లనే చేయనివ్వాలి. అది తెలియని మనిషిని పెడితే టీచరుకూ పిల్లకూ మధ్య అడ్డుగోడ అవుతారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ అవసరమైన పిల్లలకు విడిగానైనా సాయం అందించమంటోంది. ఇలాంటి పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉపాధ్యాయుల సంగతి. సహాయకుల ఊసు ఎత్తేవారే లేరు.

మా పడమటి మండలాల్లో పనుల్లేక గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు వలస పోయేవారు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్తారు. నడుము వంగిన అవ్వ, నడవలేని పదేళ్ల మనవణ్ణి బడికి ఎలా మోసుకెళ్లగలదు? పేరు హాజరు పట్టీలో ఉంటుంది, పిల్లవాడు మంచం మీద ఉంటాడు. దీనికి సహిత విద్య, అంటే అందరితో కలిపి చదివించడం, అని పేరు పెట్టి నివేదికలు పంపుతున్నారు.

ఊళ్లలో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిలు ఎందరో ఉన్నారు. వారికి శిక్షణ ఇచ్చి, నెలనెలా జీతం ఇచ్చి నియమించవచ్చు. మన జిల్లాలో ఎంతమంది పిల్లలకు ఇలాంటి సహాయకులు కావాలో లెక్క తీశారా, తీస్తే ఎప్పటిలోగా నియమిస్తారో జిల్లా అధికారులు మీ పత్రిక ద్వారానే జవాబు చెప్పాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తాత, ఆదోని, కర్నూలు జిల్లా