పై పెదవి ఫొటో లేని టిఫా రిపోర్టు చెల్లదనండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లాలో గర్భిణులకు స్కానింగ్ చేసే డాక్టర్లం, కాన్పుల వార్డు నర్సులం రాస్తున్నాం. అడిగేది ఒక్కటే. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే టిఫా స్కాన్ రిపోర్టుకు బిడ్డ పై పెదవి ఫొటో జతచేయడం తప్పనిసరి చేయండి. ఫొటో దొరకకపోతే ‘ముఖం కనిపించలేదు, మళ్లీ రావాలి’ అని టిక్కు పెట్టే గడి ఒకటి ఉంచండి.

‘ముఖం: నార్మల్’ అని ముందే టైపు చేసిపెట్టుకున్న రిపోర్టుతోనే చిక్కంతా. బిడ్డ తల్లి వెన్నువైపు తిరిగి పడుకున్నా ఆ మాటే ప్రింటవుతుంది. తీరా గ్రహణం మొర్రితో పుడితే, ఆ కాగితం చూపించి తల్లి అడిగే ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబుండదు.

పెదవి చూడటానికి పెద్ద మిషనేమీ అక్కర్లేదు. ముందు ముఖాన్ని పక్కనుంచి చూడాలి. గడ్డం బాగా లోపలికి పోయి ఉంటే అక్కడే ఆగాలి, ఎందుకంటే అలాంటి బిడ్డకు పుట్టగానే నాలుక వెనక్కి జారి ఊపిరాడకపోవచ్చు. ఆ కాన్పు పసిపిల్లల ఊపిరి సంగతి చూసే డాక్టర్లున్న చోటే జరగాలి. తర్వాత పొట్ట మీద ఆనించే ప్రోబును 90 డిగ్రీలు తిప్పి ముక్కు కొన నుంచి గడ్డం వైపు వాలిస్తే, రెండు ముక్కుపుటాలు, కింద తెగని పై పెదవి ఒకే బొమ్మలో వస్తాయి. నల్లటి చీలిక కనిపించినంత మాత్రాన మొర్రి అనేయకూడదు. పెదవి మీద బొడ్డుతాడు పడినా, ముక్కు కింది గాడి నీడ పడినా అలాగే ఉంటుంది. రక్తం పారడాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెడితే, అది తాడైతే తెలిసిపోతుంది. చివరికి పై చిగురు వంపును అడ్డంగా చూడాలి. పంటి మొలకలు నల్లచుక్కల్లా వరుసగా ఉంటాయి. వరుస తెగిందంటే చీలిక చిగురుదాకా పోయినట్టే. చీలిక సరిగ్గా నడిమధ్యన ఉంటే మాత్రం మెదడును, గుండెను మళ్లీ మొదటినుంచి చూడాలి.

అంగిలి ఒక్కటే చీలితే ఎముకల నీడలో చాలాసార్లు దొరకదు. 3డీ ఫొటో ఇంట్లోవాళ్లకు ముచ్చటే గానీ అంగిలికి అది పూచీ కాదు. అందుకే పుట్టిన ప్రతి బిడ్డ నోట్లో టార్చి వేసి చూడాలి.

ముఖానికి చెయ్యి అడ్డమున్నా, ఉమ్మనీరు తక్కువైనా బొమ్మ రాదు. తల్లిని పావుగంట నడిపించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి చూడాలి. అప్పటికీ కాకపోతే వారం పది రోజులకు మళ్లీ పిలవాలి. మొదటి టిఫా 18 నుంచి 20 వారాల మధ్యే కావాలనడం ఇందుకే. జన్యులోపాలున్నాయేమో చూసే ఉమ్మనీటి పరీక్ష చేయాల్సివస్తే ఫలితానికి మరో రెండు మూడు వారాలు పడుతుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 24 వారాలు దాటితే గర్భం తీయొచ్చో లేదో మెడికల్ బోర్డు చెప్పాలి. వలసపోయి ఏడో నెలలో ఇచ్ఛాపురం, కవిటి పుట్టిళ్లకు చేరేవాళ్లకు ఈ లెక్క అప్పటికే దాటిపోతుంది. నెలసరి తేదీ రాసుకున్న రోజే ఏఎన్ఎం స్కాన్ తేదీ కూడా కార్డు మీద రాసివ్వాలి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం వల్ల మిషన్‌ను ఊరూరా తిప్పడం తేలిక కాదు, కాబట్టి తల్లులనే బండి మీద తీసుకురావాలి.

వేరే లోపం లేని మొర్రి గర్భం తీయించుకోవాల్సినది కాదని ఆ రోజే కూర్చోబెట్టి చెప్పాలి. పెదవికి సుమారు 3 నుంచి 6 నెలల్లో, అంగిలికి 9 నుంచి 18 నెలల్లో ఆపరేషన్ చేస్తారు. పిల్లల పుట్టులోపాలను గుర్తించి ఉచితంగా వైద్యం చేయించే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఇది ఉంది. అంగిలి చీలిన బిడ్డ పాలు చీకలేదు. తల ఎత్తి పట్టుకుని, పాలు పిండి గిన్నెతోనో చెంచాతోనో కొద్దికొద్దిగా పట్టాలి. ఇది కాన్పుకు ముందే నేర్పితే బిడ్డ మరీ ఎక్కువ బరువు తగ్గిపోకుండా చూసుకోవచ్చు. కడుపులో బిడ్డ పై పెదవి రెండో నెల నిండకముందే అతుక్కుంటుంది. ఐదో నెల గ్రహణానికి బయట తిరిగావని కోడల్ని తిట్టే అత్తగారికి ఈ ముక్క కూడా చెప్పాలి.

ఒక్కో టిఫాకు అరగంట టైము కేటాయిస్తూ, పెదవి ఫొటో లేని రిపోర్టు చెల్లదంటూ జిల్లా వైద్యాధికారులకు ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా స్కానింగ్ డాక్టర్లు, కాన్పుల వార్డు నర్సులు