వార్షిక నివేదిక: ఈ ఏడాది బయటి గోడల పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం శ్రమలో సింహభాగం భవనం బయటి గోడలకే సరిపోయింది. లిఫ్టు సర్వీసింగ్, నీళ్ల ట్యాంకులు కడిగించడం, మెట్ల లైట్లు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. గోడల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. అవి ఎంతకాలం బాగుంటాయన్నది కార్యవర్గం కంటే మీ చేతుల్లోనే ఎక్కువ ఉంది.

మనది మామూలు సిమెంటు ప్లాస్టరింగ్ కాదు, సింథటిక్ స్టక్కో. చూపుకి తేడా తెలియదు గానీ వేలితో తట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. కాంక్రీటు గోడ మీద థర్మాకోల్ పలకలు, వాటిపై ఫైబర్‌గ్లాస్ మెష్ (వల) పొదిగిన పలచటి బేస్ కోటు, అంటే అడుగు పూత, ఆపైన సన్నని ఇసుక కలిసిన అక్రిలిక్ పైపూత. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో పుట్టిన ఈ పద్ధతిని 1969లో డ్రైవిట్ కంపెనీ అమెరికాకు తెచ్చింది. ఒకే మందంలో చూస్తే థర్మాకోల్ గుండా వెళ్లే వేడి కాంక్రీటుతో పోలిస్తే 30వ వంతు కూడా ఉండదు. పైగా ఈ పొర బయటివైపు ఉంటుంది కాబట్టి స్లాబు అంచులు, పిల్లర్లతో సహా అన్నీ దాని చాటునే ఉంటాయి. ఎండా చలీ నేరుగా తగలకపోవడంతో అసలు గోడ వ్యాకోచ సంకోచాలూ తగ్గుతాయి. ఇంత మంచి గోడని నిర్లక్ష్యంతో పాడు చేసుకోకూడదన్నదే మా తపన.

దీనికి శత్రువు నీరు. 1990ల్లో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని విల్మింగ్టన్ ప్రాంతంలో ఇలాంటి పూత వేసిన చెక్క ఇళ్లు చాలా చోట్ల లోపల్లోపలే కుళ్లిపోయాయి. పూత గుండా నీరు పోలేదు. కిటికీల అంచుల్లో, కప్పు గోడని కలిసే చోట దూరింది. బయటికి వచ్చే దారి లేక అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాతే పలకల వెనక నీరు జారిపోయే సందు వదిలే పద్ధతి వాడుకలోకి వచ్చింది. మన భవనానికి ఆ సందు లేదు. వెనక కాంక్రీటు ఉంది కాబట్టి కుళ్లు భయం లేదు, కానీ చెమ్మ, బూజు తప్పవు.

పడమటి వైపు ఇళ్లలో కిటికీ పక్కన బూజు పట్టడానికి కారణం అదే. అక్కడ కిటికీ అంచు సందుల్లో నింపిన పాత సీలెంట్‌ని (నీరు దూరకుండా పెట్టే రబ్బరు లాంటి పదార్థం) లాగితే దానికి అంటుకుని పైపూత కూడా పొట్టులా ఊడి వచ్చింది. సీలెంట్‌ని బేస్ కోటుకి అతికించాలి. అప్పట్లో పైపూత మీద పెట్టేశారు. తడి తగిలిన పైపూత మెత్తబడి వదిలేసింది. ఈసారి అంచుల్ని బేస్ కోటు దాకా గీకించి, సందులో ఫోమ్ తాడు దూర్చి, దానిపై కొత్త సీలెంట్ వేయించాం. కిటికీ మూలల్లో ఏటవాలు పగుళ్లున్న చోట్ల విప్పి చూస్తే, మూలకి అడ్డంగా ఉండాల్సిన మెష్ ముక్కలే లేవు. అవీ వేయించాం. కొత్త పూత రంగు పాతదానితో కలవలేదని కొందరన్నారు, నిజమే. పాతది ఎండకి వెలిసింది. అతుకు కనపడకుండా గోడంతా మళ్లీ పూయించడం అనవసర ఖర్చని మా అభిప్రాయం.

గోడ మొదట్లోని పూల మడుల మట్టి తీయించినందుకు కొందరు బాధపడ్డారు. ఈ పూత నేలకి కనీసం 8 అంగుళాల పైనే ఆగాలి. మట్టి ఆనితే చెమ్మ ఎక్కుతుంది, చెదలు థర్మాకోల్‌లోనే కంటికి కనపడకుండా దారి చేసుకుంటాయి. మొక్కల్ని కుండీల్లోకి మార్పించాం.

డిష్, ఏసీ, బట్టల తీగ, దేనికైనా సరే బయటి గోడకి రంధ్రం పెట్టే ముందు ఆఫీసులో చెప్పండి. థర్మాకోల్ మీదే బోల్టు బిగిస్తే అది నలిగి గుంట పడుతుంది, ఆ గుంటలో నీరు చేరుతుంది. బోల్టు లోపలి కాంక్రీటు దాకా వెళ్లాలి, చుట్టూ సీలెంట్ ఉండాలి. బాల్కనీ గోడల్ని ప్రెషర్ వాషర్‌తో కడగొద్దు. మెత్తని బ్రష్, సబ్బు నీళ్లు చాలు. థర్మాకోల్ వేడికి కరుగుతుంది కాబట్టి గోడ దగ్గర మంట పెట్టొద్దు.

పిట్టగోడల పైభాగం పని మిగిలింది. ఈ పూత చదునుగా ఉన్న చోట నీటిని నిలబెడుతుంది, అందుకే పైన వాలుగా లోహపు రేకు కప్పించాలి. ఆ ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో మీ ముందుకు వస్తుంది. వానలకు ముందే పని మొదలవ్వాలంటే అదే రోజు ఆమోదం కావాలి, దయచేసి అందరూ రండి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున